తలుపు తీసిన చేయి

రూలోఫ్ కారు తలుపు తీశాడు. వేశాడు. మళ్ళీ తీశాడు.

హెన్నీ ముందు గదిలో కాఫీ కప్పు పట్టుకుని నిలబడి చూస్తోంది. ఆ వీధిలో ఏ ఇంటి కిటికీకీ తెర ఉండదు. మా ఇంట్లో దాచుకోవలసిందేమీ జరగదని నలుగురికీ తెలియజేయడానికి డెవెంటర్ ఊళ్ళో అందరూ పాటించే పద్ధతి అది. అందువల్ల ఈ ఉదయం మోలెన్ వీధి మొత్తం, ఎవరి కిటికీ దగ్గర వాళ్ళు పూలకుండీలకు నీళ్ళు పోస్తూ, ఆవిడ భర్తని చూస్తోంది. ఆ కుండీలకు కొన్న నాటినుంచీ అన్ని నీళ్ళు దక్కి ఉండవు.

"నాన్న ఇంకా కార్లోనే ఉన్నాడా?" అంటూ ఫెన్నా మెట్లు దిగి వచ్చింది.

"రిహార్సల్ నడుస్తోంది."

"ఏ చెయ్యి?"

"ఎడమ చెయ్యి. నిన్నటినుంచీ రెండో చెయ్యి ఉన్నట్టే ఒప్పుకోవడం లేదు."

ఫెన్నా నవ్వలేదు. కిటికీ దగ్గరికి రాలేదు. బల్ల మీద బిస్కెట్ల డబ్బా మూత తెరిచి ఉంది. కాఫీకి ఒక్క బిస్కెట్టు తీసుకుని మూత పెట్టేయడం ఆ ఇంట్లో పెళ్ళినాటినుంచీ వస్తున్న అలవాటు. నిన్నటినుంచీ ఆ మూత పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఇంట్లో ఏదో కూలిపోయిందని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కిటికీలోంచి ఎర్ర తారు దారి కనిపిస్తోంది. ఆగి ఉన్న కార్లకీ కాలిబాటకీ మధ్య, సైకిళ్ళ కోసం పోయిన నెలలో వేసిన దారి. అంతకు ముందు సైకిళ్ళు కార్లకి అటువైపు, నడిరోడ్డు మీద వెళ్ళేవి. అది ప్రమాదమని, సైకిళ్ళని కాలిబాట పక్కకి తేవాలని నగరసభలో గొంతు పోయేలా వాదించి గెలిచినవాడు రూలోఫే. దారి తెరిచిన రోజు పేపర్లో పడిన ఫోటో ఫ్రిజ్ మీద ఉంది. అందులో అతను ఎర్ర దారి మీద నిలబడి, తానే కన్నంత గర్వంగా నవ్వుతున్నాడు.

నిన్న పొద్దున ఆ దారి మీదే పక్కింటి ఆల్చే సైకిలు మీద వస్తుంటే, రూలోఫ్ కూర్చున్న వైపు కారు తలుపు తెరుచుకుంది. ఆల్చేకి డెబ్బై ఒకటి. తుంటి ఎముక విరిగింది. నిన్న రాత్రే ఆపరేషన్ చేశారు.

బయట తలుపు మరొకసారి పడింది. తర్వాత వీధి గుమ్మం.

"చూశావా?" అన్నాడు రూలోఫ్ లోపలికి వస్తూనే. కోటు విప్పలేదు. "ఎడమ చేత్తో తీస్తే తలుపు జానెడే తెరుచుకుంటుంది. ఇంకా తొయ్యాలంటే చెయ్యి మార్చుకోవాలి. కొలిచాను."

"ఆ జానెడు చాలిందిగా," అంది ఫెన్నా.

"నేను ఎడమ చేత్తోనే తీశాను."

"నువ్వు ఎప్పుడూ ఎడమ చేత్తో తీయవు నాన్నా."

"నిన్న తీశాను."

"ముప్పై ఏళ్ళలో లేనిది నిన్ననే ఎందుకు తీశావు?"

"నువ్వు చెప్పావని."

ఫెన్నా కుర్చీ వీపు పట్టుకుంది.

మొన్న రాత్రి బఠాణీ సూపు దగ్గర జరిగిన గొడవ ముగ్గురికీ గుర్తుంది. ఊరికంతటికీ డ్రైవింగ్ నేర్పే మాస్టరు రూలోఫ్. స్టీరింగు దగ్గర కూర్చున్న శిష్యుడు తన పక్క తలుపుని కుడి చేత్తోనే తీయాలి, అంటే తలుపుకి దూరంగా ఉన్న చేత్తో. మొదటి పాఠంలోనే రూలోఫ్ దీన్ని వల్లె వేయిస్తాడు: చెయ్యి తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే మెడ, మెడ తిరిగితే కన్ను, కన్ను తిరిగితే మనిషి కనబడుతుంది. ఫెన్నా పాఠాలు చెప్పే బడిలో పిల్లలకు కూడా అది నోటికి వచ్చు. వచ్చే బుధవారం వాళ్ళ సైకిలు పరీక్ష. ఏటా రూలోఫ్ పసుపు చొక్కా తొడుక్కుని మూల మలుపులో నిలబడి, చెయ్యి చాపకుండా తిరిగిన పిల్లల్ని చూసి తల అడ్డంగా ఊపుతాడు.

కానీ ఇక్కడి కార్లలో స్టీరింగు ఎడమ వైపు, పక్కన కూర్చునే మాస్టరు సీటు కుడి వైపు. ఆ తలుపు పక్క ముప్పై ఏళ్ళూ ఉన్నది కాలిబాట. దాన్ని ఏ చేత్తో తీసినా అడిగినవాడు లేడు. కుడి చేత్తో తోసేసి, వెనక్కి చూడకుండా దిగడం అతనికి ఊపిరి తీసుకున్నంత సహజమైపోయింది. దారి కాలిబాట పక్కకి వచ్చాక కూడా అదే. మొన్న రాత్రి ఫెన్నా సూపు గిన్నె జరిపి, "నీ పరీక్షలో నువ్వే తప్పుతావు నాన్నా," అంది. రూలోఫ్ చెంచా కింద పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

తెల్లవారాక ఆల్చే పడింది.

"నేను చెప్పాననే తీశావని అంటే నేను నమ్మాలి," అంది ఫెన్నా, మెల్లగా. "అప్పుడు తప్పు నాదవుతుంది. బాగుంది."

"తప్పు ఎవరిదన్నది కాదు. పద్ధతి ప్రకారం తీశానా లేదా అన్నది. మధ్యాహ్నం పోలీసు ఇన్‌స్పెక్టర్ వస్తోంది. ఆవిడ అడిగేది అదే."

"బీమా వాళ్ళు అడగలేదుగా," అంది హెన్నీ.

"బీమా వాళ్ళు ఎందుకు అడుగుతారు? కారూ సైకిలూ తగిలితే ముందు కారుదే తప్పు. ఈ దేశంలో పాలు తాగే పిల్లాడిక్కూడా తెలుసు. వాళ్ళు నిన్ననే ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా డబ్బు కట్టేస్తామన్నారు. నేను మాట్లాడేది నా లైసెన్సు గురించి. మాస్టరే చూడకుండా తలుపు తీశాడంటే, రేపటినుంచీ నేను ఎవరికి పాఠం చెప్పాలి?"

"చూడకుండా తీశానని ఒప్పుకో. క్షమించమను," అంది ఫెన్నా. "పరధ్యానం అందరికీ ఉంటుంది. ఆల్చే పెద్దమ్మ నిన్ను క్షమించకుండా ఉంటుందా?"

"చెయ్యని తప్పుకి క్షమాపణ చెప్పను." రూలోఫ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అయినా ఆ సైకిలు సంగతి ఎవరూ మాట్లాడరేం? డెబ్బై దాటినావిడకి బ్యాటరీ సైకిలెందుకు? ముసలివాళ్ళ రాకెట్టు. మామూలు సైకిలైతే నడిచినంత నెమ్మదిగా వచ్చేది."

ఫెన్నా తండ్రి ముఖంలోకి చూసింది. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"నిన్న ఆవిడ కింద పడి ఉంటే కూడా ఇదే అన్నావట. 'అంత వేగం ఎందుకమ్మా' అన్నావట. ఎదురింటివాళ్ళు విన్నారు."

"నా కోటు తీసి కప్పాను. అది వినలేదా వాళ్ళు?"

"కోటు కనిపించింది. మాట వినిపించింది," అంది ఫెన్నా. "అలా మాట్లాడేవాళ్ళని నువ్వేమనేవాడివో గుర్తుందా? స్టీరింగు పట్టుకున్న గాడిదలు అనేవాడివి. నాకు సైకిలు తొక్కడం నేర్పింది ఆల్చే పెద్దమ్మ నాన్నా. నువ్వు పాఠాలతో ఊరంతా తిరుగుతుంటే, సీటు పట్టుకుని ఈ వీధి చివరిదాకా నా వెనకాల పరిగెత్తింది ఆవిడే."

రూలోఫ్ కప్పు ఎత్తాడు. అందులో కాఫీ లేదు. అయినా తాగాడు.

ఆ ఇంట్లో గొడవలు ఎన్నో జరిగాయి. అద్దె ఇల్లు దొరక్క పాతికేళ్ళు దాటినా పై గదిలోనే ఉంటున్న కూతురికీ, తప్పులు దిద్దడమే వృత్తిగా గల తండ్రికీ మధ్య జరగకపోతేనే వింత. కానీ ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. హెన్నీ బిస్కెట్ల డబ్బా మూత పెట్టింది. ఆ చప్పుడుకే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"నేను ఆస్పత్రికి వెళ్ళొస్తాను," అంది.

"నేనూ..." అన్నాడు రూలోఫ్ లేవబోతూ.

"నువ్వు వద్దు. నువ్వు వస్తే ఆవిడకి తలుపు కొలత చెబుతావు."

*

హెన్నీ సైకిలు తీసింది. బుట్టలో ఉప్పు వేసిన అతిమధురం నల్లబిళ్ళల పొట్లం పెట్టింది. ఆల్చేకి అవి ఉంటే డాక్టరు అక్కర్లేదు. లేకపోతే ఏ డాక్టరూ పనికిరాడు.

నది వైపు తిరిగే మలుపు దగ్గర ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. కారు ముందర రోడ్డు మీద సొరచేప పళ్ళలాంటి తెల్ల త్రికోణాలు. ఆ పళ్ళు ఎవరి వైపు చూస్తుంటే వాళ్ళు ఆగాలి. అవి కారు వైపే చూస్తున్నాయి. కార్లోని ఆవిడ హెన్నీని చూసింది. హెన్నీ ఆవిడని చూసింది. చూపులు కలిశాయి. నిన్నటిదాకా అది చాలేది. ఆ చూపు మీదే ఈ ఊళ్ళో పసిపిల్లలు బడికి వెళ్తారు, ముసలివాళ్ళు రొట్టెలకు వెళ్తారు.

హెన్నీ సైకిలు దిగిపోయింది.

కార్లోని ఆవిడ చెయ్యి ఊపింది, వెళ్ళమన్నట్టు. హెన్నీ కూడా ఊపింది, మీరే వెళ్ళమన్నట్టు. కాసేపు ఇద్దరూ ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ నిలబడ్డారు. వెనకాల ఎవరో గంట కొట్టారు. చివరికి ఆ డ్రైవరు అద్దం దించి, "ఒంట్లో బాగానే ఉందా అండీ?" అని అడిగింది.

"నాకు బాగానే ఉంది," అంది హెన్నీ. అని సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటింది.

ఆస్పత్రిలో ఆల్చే మంచం కిటికీ పక్కన ఉంది. నుదుటి మీద కట్టు, మణికట్టుకి కట్టు, ముఖం ఒక వైపు వంకాయ రంగు. జుట్టు మాత్రం నీటుగా దువ్వి ఉంది. నర్సుని పిలిచి దువ్వించుకుని ఉంటుంది.

"తెచ్చావా?" అంది.

హెన్నీ పొట్లం విప్పి ఒక బిళ్ళ నోట్లో పెట్టింది. ఆల్చే కళ్ళు మూసుకుని చప్పరించింది.

"నన్ను నిలబెట్టి నడిపించారు పొద్దున్నే," అంది. "ఆపరేషన్ అయిన మర్నాడే. పడుకోబెడితే అద్దె ఎగ్గొడతాననుకున్నారో ఏమో."

"నొప్పి ఎలా ఉంది?"

"నొప్పి బానే ఉంది. నేనే బాలేను." ఆల్చే కళ్ళు తెరిచింది. "మీ ఆయన ఎలా ఉన్నాడు?"

హెన్నీ సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. "కార్లో కూర్చుని తలుపు తీసి వేస్తున్నాడు," అంది.

"పాపం."

"పాపం అనకు ఆల్చే. నువ్వు తిడితే నాకు తేలిగ్గా ఉంటుంది. ఏ చేత్తో తీశాడని ఇంట్లో తగువు. ఎడమ చేత్తో తీశానంటాడు. ఫెన్నా నమ్మదు. నేనూ నమ్మడం లేదు. చూడకుండా తీసి, తప్పు ఒప్పుకోలేక బొంకుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన బొంకగా నేను చూడలేదు. సరిగా చేతకావడం కూడా లేదు."

ఆల్చే బిళ్ళని ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చింది. కిటికీ బయట సన్నగా వాన మొదలైంది.

"బొంకడం లేదు," అంది.

"ఏమిటి?"

"ఎడమ చెయ్యే. నేను చూశాను."

హెన్నీకి ముందు సంతోషం కలిగింది. భర్త అబద్ధాలకోరు కాదు. ఒక్క క్షణం ఆ గదిలో గాలి తేలికైంది. ఆల్చే ముఖం చూశాక ఆ గాలి ఎటు పోయిందో తెలియలేదు.

"ఇలా దగ్గరికి జరుగు. గట్టిగా మాట్లాడితే పక్క మంచం ఆవిడ లేస్తుంది. లేస్తే మనవల ఫోటోలు చూపిస్తుంది." ఆల్చే గొంతు తగ్గించింది. "దారి వేసినప్పటినుంచీ రోజూ పొద్దున్న ఇదే వరస. నేను రొట్టెల కొట్టుకి బయల్దేరతాను. మీ ఆయన మొదటి పాఠం ముగించుకుని మీ గుమ్మం ముందు కారు దిగుతాడు. కుడి చేత్తో తలుపు తోస్తాడు. వెనక్కి చూడడు. ఆ సంగతి నాకు తెలుసు గనక, కారు ఆగడం చూస్తే చాలు, దూరంనుంచే బ్రేకు వేసి ఆగిపోతాను. దిగాక నన్ను చూసి తల వంచుతాడు. నేను నవ్వుతాను. దారి నాదే. ఆగాల్సింది ఆయనే. అయినా ఇరుగూ పొరుగూ, పోనీలే అనుకునేదాన్ని."

"రోజూ?"

"రోజూ. నిన్న కూడా కారు ఆగింది. నేను బ్రేకు మీద చెయ్యి వేశాను. అప్పుడు చూశాను, ఎడమ చెయ్యి ఇటు వచ్చింది. భుజం తిరిగింది. ముఖం తిరిగింది. తలుపు కిటికీ అద్దంలోంచి నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. ఫెన్నా పోరి పోరి చివరికి దారిలో పెట్టిందనుకున్నాను." ఆల్చే కట్టు లేని చేత్తో దుప్పటి అంచు సవరించుకుంది. "సంతోషం వేసింది హెన్నీ. నన్ను చూశాడు గదా అని బ్రేకు వదిలేశాను."

హెన్నీ కూర్చున్న కుర్చీ ప్లాస్టిక్‌ది. దాని అంచు ఆవిడ వేళ్ళకి ఒత్తుకుంది.

"చూశాక తీశాడా?"

"నన్ను చూస్తూనే తీశాడు."

"సరిగా కనబడి ఉండదు. అద్దం మీద మంచో, తడో..."

"నాకు కళ్ళజోడు వచ్చి ముప్పై ఏళ్ళయింది. నాకే ఆయన కనుబొమ్మలు కనిపించాయి. పలకరింపుగా ఎత్తాడు కూడా."

ఏ చెయ్యి, ఏ చెయ్యి అని ఒక పగలూ ఒక రాత్రీ కొట్టుకున్నారు. కుడి చెయ్యి అయితే పరధ్యానం. అది క్షమించదగ్గది. ఎడమ చెయ్యి నిజం కావాలని హెన్నీ లోలోపల కోరుకుంది. నిజమయింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

"ఇన్‌స్పెక్టర్ ముందు మీ ఇంటికి వెళ్ళి, తర్వాత నా దగ్గరికి వస్తానంది," అంది ఆల్చే. "రూలోఫ్ తనంతట తాను చెబితే నేనూ అదే చెబుతాను. చెప్పకపోతే నాకేమీ గుర్తులేదంటాను. నా వయసులో గుర్తులేదంటే అందరూ నమ్ముతారు. ఈ వయసుకి ఉన్న లాభం అదొక్కటే."

"నువ్వెందుకు అబద్ధం చెప్పాలి?"

"నేను రేపు ఇంటికి వచ్చాక మీ గోడ పక్కనే ఉండాలిగా. మీ ఆయనని చూడాలి. ఆయన నన్ను చూడాలి." ఆల్చే ఆగింది. "కానీ ఒకటి హెన్నీ. నేను ఈ మంచం దిగి మళ్ళీ సైకిలెక్కితే, కార్లో ఎవరైనా నా వైపు తిరిగి చూసినప్పుడు ఏమనుకోవాలో మీ ఆయన్ని అడిగి చెప్పు. నాకు తెలియడం లేదు."

పక్క మంచం ఆవిడ కదిలింది. సొరుగులోకి చెయ్యి పోనిచ్చి ఫోటోలు వెతకడం మొదలుపెట్టింది.

*

ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో నవ్వులు వినిపించాయి.

నవ్వులు. హెన్నీ గుమ్మంలో తడి కోటుతో నిలబడిపోయింది.

సోఫా అంచు మీద లిడ్వీన్ కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. డ్రైవింగ్ పరీక్ష నాలుగుసార్లు తప్పినా, ఐదోసారికి కూడా రూలోఫ్ దగ్గరే నేర్చుకుంటోంది. నిన్న స్టీరింగు దగ్గర ఉన్నది ఆవిడే. ప్రమాదం తర్వాత భయపడి ఇంట్లోంచి కదల్లేదు. ఇప్పుడు ముడుచుకుని, చేతిలో కాఫీ కప్పుతో, సోఫాని పాడు చేస్తానేమోనన్నట్టు కూర్చుంది. ఎదురుగా రూలోఫ్, పక్కన ఫెన్నా. ఫెన్నా కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ నవ్వుతోంది.

"రా హెన్నీ, రా," అన్నాడు రూలోఫ్. ఒక్క పూటలో పదేళ్ళు తగ్గినట్టున్నాడు. "లిడ్వీన్, మళ్ళీ చెప్పండి. మా ఆవిడ కూడా వినాలి."

"ఎడమ చెయ్యేనండీ," అంది లిడ్వీన్. "నేను ఆ చెయ్యి తప్ప ఇంకేమీ చూడను. సారు ఎడమ చెయ్యి ఎప్పుడు లేస్తుందా, ఎప్పుడు నా స్టీరింగు లాగేస్తుందా అని దాని మీదే నా కన్ను. అందుకే గదా రోడ్డు చూడక నాలుగుసార్లు తప్పాను. నిన్న కారు ఆగాక కూడా చూస్తూనే ఉన్నాను. అది నా వైపు రాలేదు. అటు వెళ్ళింది. తలుపు వైపు."

"విన్నావా?"

"విన్నాను," అంది హెన్నీ.

"నేను నాన్నకి క్షమాపణ చెప్పాను అమ్మా," అంది ఫెన్నా. "నేనే అనవసరంగా... నా మాట విని చేశాడు. ఆ ఒక్కరోజే చేశాడు. నేను నమ్మలేదు."

"పోనీలే," అన్నాడు రూలోఫ్ పెద్దమనసుతో. "అసలు దిగిందెందుకో తెలుసా? ఈవిడ కారు వెనక చక్రం గీత దాటి సైకిళ్ళ దారి అంచు మీదకి ఎక్కించింది. వేలి మందం కూడా లేదు. అయినా సైకిళ్ళ దారి సైకిళ్ళదే. అది చూపించడానికే దిగబోయాను. ఇదంతా ఇన్‌స్పెక్టర్‌కి చెబుతాను. లిడ్వీన్ కూడా ఉంటుంది. పద్ధతి ప్రకారమే జరిగింది. మిగతాది ప్రమాదం. ఆల్చేకి పూలు పంపుదాం. పెద్ద గుత్తి."

హెన్నీ కోటు విప్పలేదు. కోటు అంచు నుంచి నీళ్ళు నేల మీద పడుతున్నాయి. ఆవిడ జీవితంలో ఆ నేల మీద ఎవరి కోటు నీళ్ళూ పడనిచ్చింది కాదు.

"రూలోఫ్. నీ పాఠం ఒకసారి చెప్పు."

"ఏ పాఠం?"

"మొదటి పాఠం. చెయ్యి తిరిగితే?"

రూలోఫ్ నవ్వాడు. "చెయ్యి తిరిగితే భుజం తిరుగుతుంది."

"భుజం తిరిగితే?"

"మెడ."

"మెడ తిరిగితే?"

"కన్ను. ఏమిటిది హెన్నీ, నాకు పరీక్ష పెడుతున్నావా?"

"కన్ను తిరిగితే?"

రూలోఫ్ నోరు తెరిచాడు. మాట రాలేదు.

ఆ పాఠం నెలల తరబడి వల్లించిన లిడ్వీన్, మాస్టరు ఆగిపోతే అందించడం శిష్యురాలి బాధ్యత అనుకుందో ఏమో, "మనిషి కనబడుతుంది," అంది.

అన్నాక తన మాట తనకే వినిపించినట్టు కప్పు కింద పెట్టింది. కప్పు సాసరులో గలగల్లాడింది.

ఫెన్నా నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. దాన్ని తీయాలని ఆ అమ్మాయికి తోచలేదు. తండ్రిని చూసింది, తల్లిని చూసింది, మళ్ళీ తండ్రిని చూసింది.

"నాన్నా," అంది. "నువ్వు ఆవిడని చూశావా?"

రూలోఫ్ ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. దాన్ని అక్కడ ఎవరో పెట్టి మర్చిపోయినట్టు చూస్తున్నాడు.

"చూశావా నాన్నా?"

"ఆవిడ ఆగుతుంది," అన్నాడు.

ఫెన్నా అతని వైపు వంగింది.

"రోజూ ఆగుతుంది," అన్నాడు రూలోఫ్, ఇంకా ఆ చెయ్యినే చూస్తూ. "ఆవిడ ఎప్పుడూ ఆగుతుంది. ఆగి నవ్వుతుంది. నిన్న కూడా నవ్వుతూనే వచ్చింది. నేను... ఆగుతుంది గదా అనుకున్నాను."

ఫెన్నా లేచి నిలబడింది. ఎక్కడికి వెళ్ళాలో తెలియక, ఫ్రిజ్ దాకా వెళ్ళి, ఫోటో ముందు ఆగిపోయింది.

"చూడకుండా తీసినా బాగుండేది నాన్నా," అంది, అటు తిరిగే.

సోఫా అంచు మీద లిడ్వీన్ రెండు చేతులూ ఒడిలో కట్టుకుంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. చెప్పింది చేయడం తప్ప ఇంకేమీ నేర్చుకోని మనిషి. అదే గొంతుతో, బండి ఎడమకి తిప్పమంటారా కుడికి తిప్పమంటారా అని అడిగినట్టు అడిగింది.

"సారూ, పోనీ కుడి చెయ్యి అని చెప్పమంటారా?"

రూలోఫ్ తలెత్తాడు. హెన్నీ అతని ముఖం చూసింది. వద్దు అనే మాట ఆ ముఖంలో ఎక్కడుందా అని వెతికింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట కోసం అక్కడ ఎప్పుడూ వెతకవలసి రాలేదు. అది పైనే ఉండేది.

రూలోఫ్ పెదవులు కదిలాయి. మాట బయటికి రాకముందే వీధి గుమ్మం గంట మోగింది.

తెర లేని కిటికీ బయట, వానలో, ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉంది. తన సైకిలు గోడకి ఆనించి, టోపీ మీది నీళ్ళు దులుపుకుంటూ లోపలికి చూసి, మర్యాదగా తల పంకించింది. నలుగురూ ఆవిడకి కనిపిస్తున్నారు. ఆవిడ నలుగురికీ కనిపిస్తోంది.

తలుపు తీయడానికి ఎవరి చెయ్యీ కదల్లేదు.